తెలియక చేసే హానికి బాధ్యులెవరు?

మనం ప్రతి నమాజులోనూ అల్లాహ్‌ను సకల లోకాల ప్రభువుగా స్తుతిస్తాం. ఆ లోకాల్లో మానవలోకం ఒకటి మాత్రమే. చీమలది ఒక లోకం, పక్షులది ఒక లోకం, పొదల మాటున ఉండి రాత్రిపూట మాత్రమే బయటికి వచ్చే ప్రాణులది మరొక లోకం. దివ్యఖుర్ఆన్ ఆరవ అధ్యాయం ‘అన్ఆమ్’లో అల్లాహ్ నేలపై నడిచే జంతువులను, రెక్కలతో ఎగిరే పక్షులను మనలాంటి సముదాయాలుగానే పేర్కొన్నాడు. అక్కడ వచ్చిన అరబీ పదం ‘ఉమమ్’. ‘ఉమ్మత్’ అనే పదానికి అది బహువచనం. మనల్ని మనం ఎంతో గౌరవంగా పిలుచుకునే పేరునే మన ప్రభువు పిట్టలకు, పశువులకు కూడా ఇచ్చాడన్నమాట.

కర్నూలు, కడప జిల్లాల్లో అటవీ శాఖవారు, పక్షుల పరిశోధకులు, బడి పంతుళ్లు అక్కడక్కడా గ్రామస్థులను కూర్చోబెట్టి చుట్టుపక్కల అడవి గురించి, అందులోని జీవాల గురించి మాట్లాడుతూ వచ్చారు. అలాంటి ముచ్చట మన మహల్లాల్లోనూ జరగాలని మేము అన్నప్పుడు కొందరు సోదరులు సూటిగానే అడిగారు: “మౌలానా! ఇది కరువు సీమ. బోర్లు ఎండిపోయి మనుషులకే నీళ్లు లేవు. పిల్లల చదువులు, ఆడపిల్లల పెళ్లిళ్లు, వడ్డీ అప్పులు... ఇన్ని సమస్యలుండగా పిట్టల గురించి మాట్లాడుకోవడం దీన్‌లో భాగమవుతుందా?”

ఇది కొట్టిపారేయదగిన ప్రశ్న కాదు. ఆకలితో ఉన్నవాడి ముందు అడవి అందాలను వర్ణించడం అతన్ని అవమానించడమే అవుతుంది. అందువల్ల ఈ వ్యాసంలో మేము అందాల జోలికి వెళ్లం. ఒకే ఒక్క ధర్మప్రశ్నను పాఠకుల ముందుంచుతాం. మనిషి తెలిసి చేసిన అన్యాయానికి రేపు ప్రళయదినాన లెక్క చెప్పుకోవాలని మనందరికీ తెలుసు. మరి తెలియక చేసిన హాని సంగతేమిటి? తెలుసుకునే అవకాశం ఉండి కూడా తెలుసుకోకుండా ఉండిపోతే దాని సంగతేమిటి?

చీమ చేసిన హెచ్చరిక

ఈ ప్రశ్నకు మూలం ఖుర్ఆన్‌లోనే ఉంది. అల్లాహ్ ఒక అధ్యాయానికి చీమ పేరు పెట్టాడు. అదే ‘నమ్ల్’ సూరా. ప్రవక్త సులైమాన్ (అలై) తన సైన్యాలతో చీమల లోయ దగ్గరికి వస్తారు. అప్పుడు ఒక చీమ తన తోటి చీమలను పుట్టల్లోకి వెళ్లిపొమ్మని హెచ్చరిస్తుంది. సులైమాన్, ఆయన సైనికులు తమను నలిపివేస్తారేమోనని దాని భయం. అయితే ఆ చీమ వారిని దుర్మార్గులనలేదు, హింసకులనలేదు. ఆ సంగతి వారికి తెలియకుండానే జరిగిపోవచ్చని మాత్రమే అన్నది.

ఎంత న్యాయమైన మాట! ప్రాణం పోయే ఘడియలో కూడా ఆ చిన్న జీవి ఎదుటివారి మీద లేని నేరం మోపలేదు. దైవప్రవక్త నడిపించే సైన్యం కూడా తెలియక ప్రాణులను తొక్కే ప్రమాదం ఉందని ఈ ఉదంతం మనకు బోధిస్తోంది. ఇక సామాన్యులమైన మన సంగతి చెప్పేదేముంది?

ఆ తర్వాత సులైమాన్ (అలై) ఏం చేశారో కూడా గమనించాలి. అల్లాహ్ ఆయనకు ప్రాణుల భాష నేర్పాడు కనుక చీమ మాట ఆయన చెవిన పడింది. ఆయన చిరునవ్వు నవ్వి, తనకు లభించిన అనుగ్రహాలకు కృతజ్ఞత చూపే భాగ్యాన్నీ, ప్రభువు మెచ్చే మంచిపనులు చేసే భాగ్యాన్నీ ప్రసాదించమని వేడుకున్నారు. అంటే, తెలుసుకున్న క్షణంలోనే ఆయన తన బాధ్యతను గుర్తుచేసుకున్నారు. ఒకసారి చెవిన పడ్డాక ఇక ‘తెలియదు’ అనే సాకుకు చోటు లేదు.

దోషం వేరు, పరిహారం వేరు

మదరసాల్లో చదివే ఫిఖ్‌హ్ గ్రంథాలు ఈ విషయాన్ని చాలా స్పష్టంగా విడమరచి చెప్పాయి. ఒక వేటగాడు జింకకు గురిపెట్టి బాణం వదిలాడు. అది తగలవలసిన చోట తగలకుండా పొరుగువాడి మేకకు తగిలింది. వేటగాడికి ఆ ఉద్దేశం లేదు కనుక పాపం లేదు. కానీ మేక ధర చెల్లించవలసిందే. పొరపాటు పాపాన్ని తొలగిస్తుందే తప్ప, నష్టపోయినవాడి హక్కును తొలగించదు. ఫిఖ్‌హ్ పరిభాషలో దీన్ని ‘జమాన్’ అంటారు.

అజ్ఞానం విషయంలోనూ ధర్మవేత్తలు ఇలాంటి తేడానే చూపారు. కొత్తగా ఇస్లాం స్వీకరించినవాడు, తెలియజెప్పేవారెవరూ లేని మారుమూల చోట పెరిగినవాడు తెలియక చేసిన తప్పుకు మన్నింపు ఉంటుంది. ఊరి నడుమ ఉంటూ, అడిగితే చెప్పేవారు పక్కనే ఉన్నా అడగనివాడికి ఆ వెసులుబాటు లేదు. తెలియకపోవడం ఒక స్థితి, తెలుసుకోకుండా ఉండిపోవడం మన ఎంపిక. ఆ ఎంపికకు మనం జవాబుదారులం.

ఈ రెండు సూత్రాలను మనసులో ఉంచుకుని, మన సీమలోనే జరిగిన రెండు సంగతులను పరిశీలిద్దాం.

లంకమల పొదల్లో

కడప జిల్లాలోని లంకమల కొండల పాదాన ముళ్లపొదలు, కలివి పొదలు నిండిన బీడు నేలలున్నాయి. దారినపోయేవారికి అది పనికిరాని భూమిలా కనిపిస్తుంది. ఆ పొదల మధ్య ఒక చిన్న పిట్ట ఉండేది. పగలంతా పొదల కింద దాక్కుని రాత్రిపూట నేలమీద తిరుగుతూ పురుగులను ఏరుకుని తినేది. స్థానికులు దాన్ని ‘కలివి కోడి’ అన్నారు. 19వ శతాబ్దంలో మద్రాసు సైన్యంలో వైద్యుడిగా పనిచేసిన జెర్డాన్ అనే ఆంగ్లేయుడు దాని గురించి పండిత లోకానికి తెలియజేశాడు. 1900 తర్వాత అది పండితులెవరికీ కనబడలేదు. ఇక ఆ జాతి అంతరించిపోయి ఉంటుందని చాలామంది అనుకున్నారు.

1980లలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన పరిశోధకుడు భరత్ భూషణ్ ఈ ప్రాంతానికి వచ్చి, పల్లెల్లో తిరుగుతూ ఆ పిట్ట గురించి ఆరా తీశారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ఒక స్థానిక వేటగాడు రాత్రివేళ ఆ పిట్టను పట్టుకుని తెచ్చాడు. 86 సంవత్సరాలుగా పుస్తకాల్లో లేని పిట్ట ఆ మనిషి ఎరుకలో ఉన్నదే! పండితులు లేదనుకున్నంత కాలమూ అది అక్కడే తిరుగుతూ ఉంది. అడగవలసినవారు అడగవలసిన మనిషిని అంతవరకూ అడగలేదు, అంతే.

ఇందులో మనసును కలచివేసే సంగతి కూడా ఒకటి ఉంది. పట్టుబడిన ఆ పిట్ట ఎంతోకాలం బతకలేదు. పట్టుకున్నవాడుగానీ, చూడవచ్చినవారుగానీ దానికి కీడు తలపెట్టలేదు. అందరూ దాని మేలే కోరారు. అయినా అది చనిపోయింది. మంచి ఉద్దేశం ఒక్కటే ప్రాణాన్ని కాపాడదు, దానికి జ్ఞానం కూడా తోడు కావాలి.

ఆ పిట్ట కోసమే 1988లో లంకమలేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తర్వాతి సంవత్సరాల్లో పరిశోధకులు పొదల మధ్య మెత్తని మట్టి పరచి, రాత్రి దానిపై పడిన అడుగుజాడలను ఉదయం లెక్కించారు. పొదలు మరీ దట్టంగా ఉన్నచోట ఆ పిట్ట ఉండదని, మరీ పలచబడిపోయిన చోట కూడా ఉండదని వారికి అర్థమైంది. పూర్తిగా నరికేస్తే దానికి నీడ లేదు, పూర్తిగా కమ్ముకుపోతే దానికి నడవడానికి చోటు లేదు. మితం అనేది మన ధర్మం నేర్పే సుగుణం. ఆ పిట్ట బతుకు కూడా మితం మీదనే ఆధారపడి ఉంది.

2005 ప్రాంతంలో తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ పొదల అడవిలోకి వచ్చింది. కాలువ చెడ్డదా? ఎంతమాత్రం కాదు. కరువు నేలకు నీళ్లు, చెన్నై నగరానికి తాగునీళ్లు తెచ్చే కాలువ అది. దాహం తీర్చడం మన ధర్మంలో గొప్ప దానం. యంత్రాలు నడిపినవారికి తమ చక్రాల కింద ఉన్నదేమిటో తెలిసి ఉండకపోవచ్చు. చీమ చెప్పిన మాట సరిగ్గా ఇదే కదా! తెలిసినవారు అభ్యంతరం చెప్పాక కాలువ దారి మార్చారు. నీళ్లకు దారి దొరికింది, పొదలకూ కొంత ఊపిరి దొరికింది. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు కలివి కోడి జాడ దొరకకపోవడం వేరే విచారం. కానీ నోరు విప్పి చెప్పేవారుంటే, చెవి పెట్టి వినేవారుంటే, మనిషి అవసరానికీ మూగజీవి ప్రాణానికీ రెంటికీ చోటు దొరుకుతుందని ఆ మలుపు తిరిగిన కాలువ నిరూపించింది.

రాజుకు తెలియనిది పిట్టకు తెలిసింది

అదే ‘నమ్ల్’ సూరాలో కొంచెం ముందుకు వెళితే హుద్‌హుద్ పిట్ట ప్రస్తావన వస్తుంది. తలపై కుచ్చులాంటి జుట్టుతో, పొడవాటి ముక్కుతో నేలను పొడుస్తూ మన పొలాల్లోనూ కనిపించే పిట్టే అది. పక్షుల హాజరు చూసినప్పుడు అది లేకపోవడంతో సులైమాన్ (అలై) ఆగ్రహించారు. అది తిరిగివచ్చి, ఆయనకు తెలియని ఒక వార్త తాను తెచ్చానని నిర్భయంగా చెప్పింది. ఆయన ప్రవక్త, పైగా చక్రవర్తి. అయినా ఒక పిట్ట ‘మీకు తెలియనిది నాకు తెలుసు’ అనే భావంతో మాట్లాడితే కసురుకోలేదు. మాట పూర్తిగా విన్నారు, తర్వాత దాన్ని విచారించారు. సబా దేశపు రాణి సన్మార్గానికి రావడానికి ఆ వినడమే నాంది అయింది.

మన మధ్య జరగవలసిన ముచ్చటకు ఈ ఉదంతమే పద్ధతి నేర్పుతుంది. అడవి గురించి సభ పెడితే వేదికపై ఎవరు కూర్చుంటారు? చదువుకున్నవారు, అధికారులు, మాలాంటి మౌల్వీలు. మేకలు కాచేవాడు, కట్టెలు ఏరుకునే అవ్వ, రాత్రి పొలానికి కాపలా ఉండే కూలీ ఎక్కడో వెనక నిలబడి వింటారు. కలివి కోడి ఎక్కడుందో తెలిసింది మాత్రం వెనక నిలబడేవారికే. వారి చేత మాట్లాడించలేని సభ సగం జ్ఞానాన్ని గుమ్మం బయటే వదిలేసుకున్నట్టు.

రోళ్లపాడు రైతు

రెండో సంగతి మరింత కఠినమైనది. పాత కర్నూలు జిల్లాలో, 2022 నుండి నంద్యాల జిల్లాలో ఉన్న రోళ్లపాడు చుట్టూ ఒకప్పుడు పెద్ద పచ్చికబయళ్లు ఉండేవి. అక్కడ బట్టమేక పిట్ట ఉండేది. మగపక్షి పదిహేను కిలోల దాకా తూగుతుంది. ఎగిరే పక్షుల్లో అంత బరువైనవి చాలా అరుదు. అది నేలమీదే, సాధారణంగా ఏడాదికి ఒకే ఒక గుడ్డు పెడుతుంది. ఆ గుడ్డు ఏ గొర్రె కాలి కిందో పడితే ఆ ఏటికి ఆ తల్లికి బిడ్డ లేనట్టే. ఆ పక్షిని కాపాడటానికి 1988లో రోళ్లపాడులో ఆరు చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యం ఏర్పాటు చేశారు.

రక్షణ దొరకగానే ముందుగా పెరిగినవి కృష్ణజింకలు. అవి గీత గీసిన అడవిలోనే ఉండవు కదా! పక్క పొలాల్లోకి దిగి మొలకెత్తిన పైరును మేశాయి. రైతు వాటిని చంపకూడదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి ఒప్పుకోదు. పైరు పోయినవాడికి అభయారణ్యం మీద మనసు విరిగింది. మరోవైపు కాలువ నీళ్లు రావడంతో పచ్చికబయళ్లు పంట పొలాలుగా మారిపోయాయి. ఇలా పలు కారణాలు కలిసి, ఏ పక్షి కోసం ఆ అభయారణ్యం వెలసిందో ఆ పక్షి ఇప్పుడు అక్కడ నిలకడగా కనిపించడం లేదు. దేశం మొత్తమ్మీద అవి నూటయాభై దాకా మిగిలాయని అంచనా. వాటిలో ఎక్కువ భాగం రాజస్థాన్ ఎడారిలోనే ఉన్నాయి.

ఇక్కడ ధర్మం ఏం చెబుతుంది? దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒక శుభవార్త ఇచ్చారు. ఒక ముస్లిం చెట్టు నాటినా, పైరు వేసినా, అందులోంచి మనిషిగానీ, పక్షిగానీ, పశువుగానీ తిన్నది అతని ఖాతాలో దానంగా రాయబడుతుందని ఆయన బోధించారు. ఈ హదీసు చెప్పి రోళ్లపాడు రైతును ఓదార్చవచ్చా? అతను స్వయంగా ఈ మాట తలచుకుని సహనం వహిస్తే అది అతని విశ్వాస ఔన్నత్యం. కానీ పట్నంలో కూర్చున్న మనం, ఒక్క గింజ కూడా పోగొట్టుకోని మనం, అతని పైరును చూపించి కారుణ్యం గురించి ఉపన్యసిస్తే అది ఏపాటి కారుణ్యం? ఇతరుల జేబులోంచి తీసి మనం దానం చేయలేము. దానం చేసే హక్కు సొమ్ము ఎవరిదో వారికే ఉంటుంది.

ఖుర్ఆన్ ఇరవై ఒకటవ అధ్యాయం ‘అన్బియా’లో ఇలాంటి తగవే ఒకటి వస్తుంది. రాత్రివేళ కొందరి గొర్రెలు ఒకరి పొలంలో పడి మేశాయి. ఆ వివాదం దావూద్ (అలై) దగ్గరికి వచ్చింది. వ్యాఖ్యాతలు వివరించిన ప్రకారం, ఆయన గొర్రెలను పొలం యజమానికి ఇప్పించాలనుకున్నారు. కుమారుడు సులైమాన్ (అలై) మరొక పరిష్కారం సూచించారు. పొలం యజమాని కొంతకాలం గొర్రెలను ఉంచుకుని పాలు, ఉన్ని వాడుకోవాలి. ఆలోపు గొర్రెల యజమాని పొలాన్ని సాగుచేసి తిరిగి పూర్వస్థితికి తేవాలి. తర్వాత ఎవరిది వారు తీసుకోవాలి. పొలమూ బతికింది, మందా బతికింది. అల్లాహ్ ఆ తీర్పును సులైమాన్‌కు తానే స్ఫురింపజేశానని తెలుపుతూ, తండ్రీకొడుకులిద్దరికీ వివేకం, జ్ఞానం ఇచ్చానని ప్రశంసించాడు.

“గొర్రెకు యజమాని ఉన్నాడు, జింకకు ఎవరున్నారు?” అని ఎవరైనా అడగవచ్చు. నిజమే. అడవి జంతువుకు యజమాని లేడు కనుక అది చేసిన నష్టానికి ఎవరూ బాధ్యులు కారన్నదే ఫిఖ్‌హ్‌లో సాధారణ సూత్రం. కానీ ఇక్కడ ఒక తేడా ఉంది. జింకను చంపవద్దని రైతు చేతులు కట్టివేసింది మనమందరం కలిసి ఏర్పరచుకున్న చట్టం. ఆ కట్టడి మంచిదే, అవసరమైనదే. అయితే అందరి మేలు కోసం ఒకడి చేతులు కట్టినప్పుడు అతని నష్టాన్ని పంచుకునే బాధ్యత కూడా అందరిదీ అవుతుందని మా అభిప్రాయం. దీన్ని మేము ఫత్వాగా చెప్పడం లేదు. పెద్దలైన ముఫ్తీల ముందు ఆలోచనగా ఉంచుతున్నాం.

రెండో ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) ఆచరణ మా అభిప్రాయానికి బలమిస్తోంది. ఆ కాలంలో ప్రభుత్వ పశువుల కోసం కొంత మేతభూమిని ప్రత్యేకించేవారు. దాన్ని ‘హిమా’ అనేవారు. దాని కావలివాడిని నియమిస్తూ ఉమర్ (రజి) అతనికి గట్టిగా బోధించారు. అణగారినవాడి మొర గురించి భయపడమన్నారు. కొద్దిపాటి ఒంటెలు, గొర్రెలు ఉన్న పేదవాడిని లోపలికి రానివ్వమన్నారు. హజ్రత్ ఉస్మాన్, హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వంటి సంపన్నుల మందలను మాత్రం రానివ్వవద్దన్నారు. వారి పశువులు పోయినా వారికి తోటలు, పొలాలు ఉన్నాయి. పేదవాడి మంద పోతే అతను పిల్లలను వెంటబెట్టుకుని తన ముందుకు వచ్చి నిలబడతాడని ఆయన చెప్పారు. గీత గీసి భూమిని కాపాడటం ఇస్లాంకు కొత్తేమీ కాదు. అయితే ఆ గీత మొట్టమొదట ఎవరికి గుచ్చుకుంటుందో చూడమని ఉమర్ (రజి) మనకు నేర్పారు.

హలాల్ అనే మాట ఎక్కడిదాకా?

ఇంతవరకు ఇతరుల సంగతి చెప్పుకున్నాం. ఇక మన ఇంటి సంగతికి వద్దాం. మనవాళ్లలో తీతర్, బటేర్ అంటే ఇష్టపడేవారు తక్కువేమీ కాదు. కౌజులు, పూరేడు పిట్టలు, కుందేళ్ల మాంసం హలాలే. అందులో సందేహం లేదు. అయితే ‘హలాల్’ అన్న ఒక్క మాటతో విచారణ ముగిసిపోదు. మాంసం హలాల్ కావడం వేరు, అది మన పళ్లెంలోకి వచ్చిన దారి హలాల్ కావడం వేరు. దొంగిలించిన మేకను బిస్మిల్లాహ్ చెప్పి జబహ్ చేసినంత మాత్రాన దొంగతనం పుణ్యమైపోతుందా?

అడవి పూరేడును, కౌజును, కుందేలును వేటాడటం మన దేశ చట్టం ప్రకారం నేరం. పౌరులుగా మనం ఈ దేశంతో ఒడంబడికలో ఉన్నాం. ఒడంబడికను నెరవేర్చడం విశ్వాసి లక్షణం. ప్రజల మేలు కోసం చేసిన ఇలాంటి చట్టంలో మన ధర్మానికి విరుద్ధమైనదేమీ లేదు. రుచి కావాలనుకుంటే ఫారాల్లో పెంచిన పిట్టలు బజారులో దొరుకుతూనే ఉన్నాయి. అలాగే, ఇంట్లో అదృష్టం తెస్తుందని నక్షత్ర తాబేలును కొనేవారున్నారు. ఇందులో రెండు తప్పులున్నాయి. ఒకటి, నిషిద్ధ వ్యాపారం. రెండోది అంతకన్నా పెద్దది. అదృష్టం తాబేలు డిప్పలో ఉందనుకోవడం తౌహీద్‌కే మచ్చ.

గుంపులు గుంపులుగా పిల్లలు ఉండేలు పట్టుకుని పిట్టలను కొడుతుంటే పెద్దలు ఆట అని వదిలేస్తారు. ప్రాణమున్నదాన్ని గురిపెట్టే ఆటవస్తువుగా చేసుకునేవారిని దైవప్రవక్త (స) శపించారని హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) పిల్లలను హెచ్చరించిన ఉదంతం హదీసు గ్రంథాల్లో ఉంది. ఒక ప్రయాణంలో సహచరులు ఒక పిట్ట పిల్లలను పట్టుకోగా, తల్లిపిట్ట వారిపైన ఆత్రంగా తిరగసాగింది. దాని పిల్లలను దానికి తిరిగి ఇచ్చేయమని ఆయన ఆదేశించారు.

పిల్లవాడి చేతిలో ఉండేలు ఉన్నప్పుడు కొట్టడం కన్నా అడగడం నేర్పితే ఎంత మేలు జరుగుతుందో చెప్పడానికి మన సమాజంలోనే ఒక ఉదాహరణ ఉంది. పక్షిశాస్త్రంలో పేరుగాంచిన సాలిం అలీ (1896-1987) చిన్నతనంలో బొంబాయిలో పిట్టలను కొట్టేవాడు. ఒకసారి మెడకింద పసుపు మచ్చ ఉన్న పిచ్చుక చేతికి చిక్కింది. ముస్లింలు దాన్ని తినవచ్చో లేదో అన్న సందేహంతో మామ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆ పెద్దమనిషి కసరకుండా, అది ఏ పిట్టో తెలుసుకోమని నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపాడు. ‘ఇది హలాలా?’ అన్న ప్రశ్న ‘ఇది ఏమిటి?’ అన్న ప్రశ్నకు తలుపు తెరిచింది. కలివి కోడి తిరిగి దొరికిన వార్తను వినేదాకా ఆయన జీవించి ఉన్నారు.

ఇంకొక భయంకరమైన అలవాటు గురించి కూడా చెప్పాలి. అడవి పందుల బెడదకు పొలం గట్ల చుట్టూ దొంగచాటుగా కరెంటు తీగలు పెడుతున్నారు. వాటికి పందులే కాదు, రాత్రి నీళ్లు కట్టడానికి వెళ్లిన పొరుగు రైతులు కూడా బలైపోతున్నారు. ‘నేను పంది కోసం పెట్టాను, మనిషి కోసం కాదు’ అంటే సరిపోతుందా? చీకట్లో మనుషులు నడుస్తారని తెలిసీ పెట్టిన తీగను పొరపాటు అని ఎలా అనగలం?

ఏం మాట్లాడుకోవాలి?

మన మధ్య ఇలాంటి ముచ్చట జరగాలంటే పెద్ద ఖర్చేమీ లేదు. నెలకొకసారి ఇషా నమాజు తర్వాత మసీదు ఆవరణలో అరగంట చాలు. మహిళల ఇజ్తిమాలోనూ దీనికి కొంత సమయం కేటాయించాలి. పిట్టగూళ్లు, కట్టెల అడవి, ఎండిన కుంటల సంగతి మగవారికన్నా వారికే ఎక్కువ తెలుసు. ముందుగా గొర్రెల కాపరిని, రైతును మాట్లాడనివ్వాలి. వారు హిందూ సోదరులైతే మరీ మంచిది. ఊరి పొదలకు, కుంటలకు మతభేదం లేదు. ఆ తర్వాత అటవీ శాఖవారిని, చదువుకున్నవారిని వినాలి. చివర పది నిమిషాలు మౌల్వీ సాహెబ్ ధర్మం చెప్పాలి.

మాటల దగ్గరే ఆగిపోకూడదు. అడవి జంతువుల వల్ల పంట పోయినవారికి, ప్రాణం పోయిన కుటుంబాలకు ప్రభుత్వం పరిహారం ఇచ్చే ఏర్పాటు ఉంది. కానీ దరఖాస్తు రాయడం రాక, ఎవరిని కలవాలో తెలియక ఎంతోమంది వదిలేసుకుంటారు. చదువుకున్న మన యువకులు ఇద్దరు కూర్చుని ఆ దరఖాస్తులు రాసిపెడితే, అది పిట్టకూ మేలు, రైతుకూ మేలు. నష్టం తీరిన రైతు ఉచ్చు పన్నడు. ఆకలి తీరిన కూలీ ఎర్రచందనం దుంగ మోయడానికి రాత్రివేళ శేషాచలం ఎక్కడు. మూగజీవులపై కారుణ్యం నిలబడాలంటే దాని కింద మనుషులకు జరిగే న్యాయం పునాదిగా ఉండాలి.

“ఇన్ని సమస్యలుండగా పిట్టల ముచ్చటా?” అని అడిగిన సోదరులకు మా జవాబు ఇదే. ఆ పిట్ట బతికే పొదలోనే మన మేకల మేత ఉంది. అది తాగే కుంటలోనే మన బావుల ఊట ఉంది. అది పోయిందంటే, మన బతుకులోంచి కూడా ఏదో జారిపోతోందని అర్థం. అయితే మనకు ఉపయోగం ఉన్నా లేకున్నా, అది అల్లాహ్ సృష్టించిన ఒక ఉమ్మత్. దాని హక్కు దానికి ఉంది. ఆ హక్కు ఏమిటో అడిగి తెలుసుకోవడం, తెలిసినదాన్ని ఇంట్లో పిల్లలకు చెప్పడం మనపై ఉన్న అమానత్.

చీమ తన మాట చెప్పేసింది. సులైమాన్ (అలై) విన్నారు. ఇప్పుడు మన చెవిన కూడా పడింది. ఇకమీదట మన పాదం ఎక్కడ పడుతోందో చూసుకుని నడిచే బాధ్యత మనదే.

ఓ అల్లాహ్! మాకు తెలియని దానిని తెలుసుకునే వినయాన్ని ప్రసాదించు. తెలిసిన దానిని ఆచరించే శక్తినివ్వు. మా చేతుల వల్ల, మా మాటల వల్ల, మా మౌనం వల్ల నీ దాసులకుగానీ, నీ మూగజీవులకుగానీ అన్యాయం జరగకుండా మమ్మల్ని కాపాడు. మా కరువు సీమపై నీ కారుణ్య వర్షాన్ని కురిపించు. ఆమీన్.